పరిశోధనకు మాత్రమే

హైదరాబాద్ బస్సు డిక్కీలోంచి
థర్మాకోల్ డబ్బా దించుకుని
నల్లగొండ బస్టాండులోనే మూత తీసి చూశాను.
ఐసు సగం నీళ్ళైంది.
నడుమ, చిటికెన వేలంత గొట్టం అడుగున
కంటికి ఆనీ ఆనని ఒక చుక్క.
ఖరీదు నా రెండు నెలల ఫెలోషిప్,
అదీ వస్తే.

షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే
పక్కన గంప దొబ్బుకుంటూ పెద్దాయన అడిగిండు:
"ఏందమ్మా, పోలియో చుక్కలా?"
కాదు, ఒక కుందేలు యాది
అందామనుకుని ఊకున్నా.

ఎక్కడిదో ఆ కుందేలు.
మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ముక్కను
సూదితో దాని ఒంట్లోకి పంపారు.
దాని నెత్తురు ఆ ముక్కను పగబట్టి గుర్తుంచుకుంది.
ఆ పగను వడగట్టి సీసాకెత్తి
ధర రాసి అమ్ముతారు.

మా నాయిన కూడా అంతే.
దేవరకొండ గుట్టల కింద మూడు మందలు కలిసిపోతే
పొద్దుగూకినంక, చీకట్లో,
చెవి గాటు తడిమి "ఇది మనది" అని లాగేవాడు.
మంది గొర్రె ఒక్కటీ మా దొడ్లోకి రాలేదు.
ఆ గుణాన్ని వివరించడానికి
నా థీసిస్‌లో నాలుగు పేజీలు పట్టింది.

ఎంజైము సంగతి చెప్పాలి.
తెల్లకణాలు సంచుల్లో మోసుకు తిరిగే పచ్చటి సరుకు అది.
చీముకు ఆ రంగు దీనిదే.
సఫాయి ఎల్లయ్య వాటర్ ట్యాంకులో
బ్లీచింగ్ పౌడర్ కలిపినట్టు
ఇదీ అలాంటి ఘాటునే క్రిమి మీద చల్లుతుంది.
క్రిమి లేకున్నా ఒక్కోసారి చల్లుతూనే ఉంటుంది.
అప్పుడు కాలేది సొంత కీలు.

సాంపిల్ నంబరు పదిహేడు.
పేరు రాయొద్దని రూలు,
కాబట్టి జంగమ్మ అంటాను, అది ఆమె పేరు కాదు.
బత్తాయి తోటల్లో ఇరవై ఏండ్లు
కాయలు తెంపి గంపలు మోసిన మోకాలు.
పెద్దాసుపత్రిలో నీరు తీస్తుంటే
ఆమె పట్టుకున్నది నా మణికట్టు.
గాజు పగిలింది.
"ఏమొచ్చిందో నాకు చెప్పాలె బిడ్డా, మరువకు."

రాత్రి ల్యాబులో
జెల్ మీది సరుకంతా పొర మీదికెక్కించి
పాలపొడి నీళ్ళలో నానబెట్టాను.
యూనివర్సిటీ గేటు ముందర టీ కొట్టు పాకెట్టే,
కుందేలు కనబడ్డదానికల్లా అతుక్కోకుండా.
తర్వాత వెయ్యి పాళ్ళకు ఒక పాలు.
కరెంటు రెండుసార్లు పోయింది.
ఫ్రిజ్ తలుపు తెరవకుండా
వీపు ఆనించి కూర్చున్నాను.

పొద్దున మేక వంతు.
కుందేలును గుర్తుపట్టే మేక నెత్తురు, వేరే సీసా.
మేక కుందేలును పట్టుకుంది,
కుందేలు ఎంజైమును,
ఎంజైము జంగమ్మ మోకాలిని
ఎప్పటినుంచో పట్టుకునే ఉంది.

పదిహేడో గాడిలో నల్లటి గీత.
చెవి గాటంత లోతుగా.

సంతోషంతో గెంతాను, దాచడమెందుకు.
గైడు గారికి ఫొటో పంపాను.
తర్వాత సీసా మీది చిన్నక్షరాలు చదివాను,
చదవక తెలియనివేం కాదు:
పరిశోధనకు మాత్రమే.
రోగ నిర్ధారణకు కాదు.

శుక్రవారం ఫోన్ చేసింది.
"ఏమొచ్చింది బిడ్డా?"
"ఒక గీతొచ్చిందమ్మా."
"గీతనా? మంచిదేనా?"
"మాకైతే మంచిదే."
కాసేపు అటునుంచి కోళ్ళ అరుపులు.
"మంటున్నదని నేను చెప్తనే ఉన్న గదనే,
దానికి కుందేలు దాన్క పోవాల్నా?"
నవ్వింది. నేనూ నవ్వాను,
ఆమె కంటే ఆలస్యంగా ఆపాను.

మిగిలిన చుక్కను ఐదు గొట్టాల్లోకి పంచి
గడ్డకట్టే పెట్టెలో దాచాను.
మాటిమాటికీ కరిగిస్తే
మరిచిపోతుంది.

జంగమ్మ సోమవారం తోటకు పోయిందట.
గంప ఈసారి సగమే నింపుతున్నారట.