దొడ్డి వాకిలి

పామిడి దాటినాక పెన్న ఒడ్డున
తెల్లగా పొంగిన నేల.
ఉప్పు పూసింది అంటారు రైతులు.
పూయడం అక్కడ తిట్టు.

మా జేజి సుంకులమ్మకు అదే పంట.
తెల్లారకముందే పరకతో ఊడ్చి గంపకెత్తి
చిటికెడు నాలిక మీద వేసుకుని, తుపుక్కున ఉమ్మి,
"ఇది ఉబ్బకు పనికొస్తాది.
కరణమోళ్ల పంచెలు తెల్లబడతాయి" అనేది.

అదే చౌడు ఇప్పుడు అనంతపురంలో
నా గాజు గొట్టంలో కరుగుతోంది.
మీటరు పది దగ్గర ఆగింది.
ఈ క్షారంలో ఏదీ బతక్కూడదు.
బతికింది.
కంటికి ఆనని ఒంటిగది ప్రాణి
లోపల ఎనిమిది దాటనివ్వడం లేదు.

దాని పొరలో ప్రోటీన్‌తో మలిచిన వాకిలి ఒకటి.
రెండు ప్రోటాన్లు లోపలికొస్తే
ఒక సోడియం బయటికి.
అరువు లేదు, కొసరు లేదు.
ఒక పక్క తెరిస్తే రెండో పక్క మూత.
రెండు పక్కలా ఒక్కసారే తెరిచిందా,
ఇల్లు మునిగినట్టే.
ఆ వాకిలి జన్యువు తీసేసినవాటిని
నిన్న రాత్రి ఉప్పు ప్లేటు మీద పరిచాను.
పొద్దునకు ఒక్క చుక్కా మొలవలేదు.

ఇట్లాంటి వాకిలి నాకు తెలుసు.
పెద్దిళ్లకు దొడ్డి వైపు ఉండేది.
మైలమూట బయటికొచ్చేది,
ఉతికిన మూట లోపలికి పోయేది.
ఆఖరున, జేజి పట్టిన గిన్నెలోకి
రాత్రి మిగిలిన సంగటి, పైనుంచి జారవిడిచి.
మూటలన్నీ గడప దాటేవి.
మేం దాటలేదు.

చౌడుకు జేజి అరచేతులు బీటలు పడి
వేళ్ల సందుల్లో నెత్తురు జీర.
రాత్రిపూట చింతపండు పిసికిన నీళ్లలో
చేతులు ముంచి కూర్చునేది.
మండదా జేజీ అంటే
"మండితేనే దిగేది, పోయి పండుకో" అని కసిరేది.
రవిక వీపున చెమట ఎండి
ఇంకో చిన్న చౌటినేల.

ప్లేట్లకు నంబర్లు వేయమన్నారు గైడు.
వేశాను.
ఎవరూ చూడకుండా అంచున
జేజి జీడిగింజతో పెట్టే గుర్తులు కూడా వేశాను:
మూడు చుక్కలు, కింద గీత. కరణమోళ్లవి.
కొక్కెం ఒకటి. కోమట్లవి.
చుక్కలో చుక్క ఎవరిదో గుర్తు రాలేదు,
అడుగుదామంటే ఆమె లేదు.

చౌడులో బతికిన ప్లేటు దగ్గరికొచ్చేసరికి
పెన్ను ఆగింది.
మా బట్టలకు జేజి ఏ గుర్తూ పెట్టేది కాదు.
అట్లాగే వదిలేశాను.