ఐదో బొమ్మ

అకితాలో మంచు కిటికీ సగం దాకా పేరుకుంది.
మూడో అంతస్తు, తయారీ గది, ఉదయం ఎనిమిది.
తొమ్మిది కుర్చీలు, తొమ్మిది జగ్గులు,
నాలుగే మరుగుదొడ్లు.
గోడకి ఐదు ఫొటోలు అతికించాం.
మొదటిది బురద, మూడోది గంజి,
ఐదోది అడుగున అక్షరం పెట్టినా చదవగలిగే లేత పసుపు నీళ్ళు.
అది వస్తేనే డాక్టరు దగ్గరికి పంపుతాను.

ఆరో గ్లాసు తర్వాత తొగాషి గారు బెల్లు కొట్టారు.
డెబ్భై మూడేళ్ళు. ఎడమచేతికి మూడే వేళ్ళు.
ఒమగరిలో నలభై ఎనిమిదేళ్ళు బాణసంచా చుట్టిన చెయ్యి.
"అయిపోయిందమ్మాయ్. ఐదో బొమ్మే."
వంగి చూశాను.
నాలుగు. నాలుగు కూడా కాదు,
అడుగున నల్ల నువ్వులు.

నోట్లో నువ్వుగింజ నానదంటారు,
ఈయన కడుపులోనూ నానలేదు.
"రాత్రి కోడలు పెట్టింది," అన్నారు నేల చూస్తూ.
కాసేపాగి,
"కాదు. నేనే తీసుకు తిన్నాను. పాపం, దాని పేరెందుకు."

రోజూ చెప్పేదే చెప్పాను:
మురికి ఉంటే కంతి కనపడదు, మళ్ళీ రావాల్సి వస్తుంది.
తలూపారు, వినలేదు.
అప్పుడు ఇదీ చెప్పాను:
కంతిని వైరు ఉచ్చులో బిగించి కరెంటుతో కోస్తారు.
పేగులో మురికి మిగిలితే గాలి మిగులుతుంది.
అంటుకునే గాలి.
చాలా అరుదు, కానీ.

ఆయన తలెత్తారు.
"మందుపాకలోకి పోయేముందు మేం రాగిరేకు తాకుతాం,
ఒంట్లో మెరుపు నేలలోకి దిగిపోవాలని.
నూలుబట్టలే కట్టాలి. ఉన్ని వేసుకొస్తే
తమ్ముణ్ణయినా ఇంటికి తోలేసేవాణ్ణి.
ఒక్కరోజు తోలలేదు."
చేతిని దుప్పటి కిందికి లాక్కున్నారు.
"ఇంకో జగ్గు తే."

ఆ ఉప్పూ నిమ్మా కలిసిన పాడు రుచిని
ఈసారి ఒక్క మాటా అనలేదు.
గుక్క. వరండా చివరిదాకా నడక,
పొట్ట మీద అరచెయ్యి తిప్పుకుంటూ. మళ్ళీ గుక్క.
కళ్ళు తిరుగుతున్నాయా అని రెండుసార్లు బీపీ చూశాను.
పన్నెండున్నరకి బెల్లు.
పక్కకి తప్పుకుని, నన్నే చెప్పమన్నారు.
ఐదు.

తెర మీద పేగు, కడిగిన శంఖం లోపలిలా.
డాక్టరు కాలు పెడల్ మీద.
చప్పుడేమీ రాలేదు.

మత్తు పూర్తిగా వదలకముందే అడిగారు:
"ఏ రంగు?"
"ఏది?"
"నిప్పు."
నిప్పు చూడలేదండీ, డాక్టరు కాలు చూస్తున్నాను, అన్నాను.
"అంతే," అన్నారు కళ్ళు మూసుకుంటూ,
"ముట్టించే చోట నిలబడ్డవాళ్ళకి
ఆకాశం చూసే పని లేదు."

తయారీ గదిలో బెల్లు.
ఏడో కుర్చీ.