తలుపుచట్టం మీద గీత

ఏప్రిల్ వచ్చినా ఈరీ సరస్సు మీద
మంచుపలకలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.
లాకవానాలో, నా బారులో,
సీసాల అరకు పైనున్న టీవీ
మా జట్టు వంతు వచ్చిందని చెప్పింది.
రెండో రౌండు.
ఓరెన్ టిబ్స్.
అయిదడుగుల ఏడున్నర అంగుళాలు.

కాసేపు ఫ్రిజ్ మోటారు ఒక్కటే మాట్లాడింది.

తర్వాత ఇర్విన్ గ్లాసు దించాడు.
నలభై ఏళ్లు మాంసం కొట్టిన చెయ్యి, బల్ల అదిరింది.
"మనం అడిగింది గోడ.
వీళ్లు తెచ్చింది కిటికీ రెక్క.
జనవరి గాలికి ఊడిపోయి
ఏ కెనడాలోనో పడతాడు."

"నలభై గజాలు," అన్నాడు డెల్మార్.
బస్సు నడపడం మానేసి ఆరేళ్లయినా
ఏ మాటకైనా ముందు గడియారం వైపు చూస్తాడు.
"నాలుగు సెకన్లు, పైన చిటికెడు.
నువ్వు ఆవులించి నోరు మూసేలోపు
వాడు అవతల కూర్చుని లేసులు బిగించుకుంటాడు."

"ఎవడూ అడ్డం రాకపోతే!
చిన్నప్పుడు మా పెరట్లో కోడిని తరిమేవాణ్ణి.
ఎప్పుడూ కోడే గెలిచేది.
దాన్ని ఏ జట్టూ ఎంచుకోలేదు."

"ఎంచుకోవాల్సింది," అంది వంటింట్లోంచి రోసెల్లా.
"మొన్నటి సీజన్‌లో మనకు కోడి ఉన్నా నయమే."

మాట మాట పెరిగింది.
వడిసెల రాయి ఎంతుంటుందని ఒకడు,
రాయిని ఎవడూ గుద్ది కింద పడెయ్యడని ఇంకొకడు.
ఏడున్నర అంటే అసలు ఎంత, అని
మూలనుంచి ఎవరో అడిగారు.

రోసెల్లా చెవిలో పెన్సిల్ తీసింది.
వంటింటి తలుపుచట్టం మీద
మా పిల్లల ఎత్తులు, వాళ్ల పిల్లల ఎత్తులు,
సగం చెరిగిన తేదీలు.
వాటి పైన టేపు పట్టి ఒక గీత గీసింది.

ఇర్విన్ వెళ్లి నిలబడ్డాడు. గీత అతని గడ్డానికి తగిలింది.
"చూశారా!"
"నీ గడ్డం ఎప్పుడైనా పరిగెత్తిందా?" అన్నాడు డెల్మార్.

అప్పుడు బ్రోనిక్ స్టూలు దిగాడు.
రాత్రికి రెండు బీర్లు, నాలుగు మాటలు, అంతే అతని లెక్క.
టోపీ తీసి వీపు చట్టానికి ఆనించాడు.
గీత సరిగ్గా
నెత్తిమీది నెరసిన వెంట్రుకలను తాకింది.

"కొలిమి లోపల ఇటుక పగిలితే," అన్నాడు,
"పూర్తిగా చల్లారేదాకా ఆగేవాళ్లు కాదు.
పెద్దవాళ్లు ఆ కంతలో పట్టేవాళ్లు కాదు.
'పొట్టోణ్ణి పిలవండి' అనేవాళ్లు.
ఇరవై ఆరేళ్లు.
ఫోర్‌మన్‌కి నా పేరు తెలుసో లేదో
ఇప్పటికీ నాకు తెలీదు."

టోపీ పెట్టుకున్నాడు.
"ఇందాక టీవీలో
ఆ కుర్రాడి పేరు పూర్తిగా చదివారు.
ఇంటిపేరుతో సహా."

ఎవరూ ఏమీ అనలేదు.
టీవీలో ఇంకో ఊరు, ఇంకో జట్టు,
తలుపులో పట్టనంత కుర్రాడు తల్లిని వాటేసుకుంటున్నాడు.

ఇర్విన్ మాత్రం ఓడిపోలేదు, ఓడిపోయే రకం కాదు.
"మూడొందల పౌన్లవాడు మీద పడితే అప్పుడు మాట్లాడదాం," అని
బ్రోనిక్ బీరుకి డబ్బులిచ్చి
చిల్లర తీసుకోకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే నేను ఖాళీ సీసాలు బయట పెడుతుంటే
పార్కింగ్ స్థలంలో ఇర్విన్.
బురదమంచులో అంగలు వేసుకుంటూ లెక్కపెడుతున్నాడు.
ముప్ఫై ఒకటి దగ్గర స్థలం అయిపోయింది,
మిగిలిన తొమ్మిది రోడ్డు మీద కొలిచాడు.
చెత్తడబ్బా దగ్గరికి తిరిగొచ్చాడు.
అటూ ఇటూ చూశాడు,
తలుపు చాటున ఉన్న నన్ను చూడలేదు.
కోటు విప్పి డబ్బా మీద పెట్టి
పరిగెత్తాడు.

అరవై ఏడేళ్ల మనిషి, మోకాళ్లు రెండూ అరువువి.
అవతల రోడ్డుమీద పాలబండి ఆగి దారిచ్చింది.
వంగి, రొప్పి, రొప్పి,
చాలాసేపటికి చేతి గడియారం చూసుకున్నాడు.

లోపలికొచ్చి కాఫీ అడిగాడు.
ఎంత పట్టిందో చెప్పలేదు.
తాగినంతసేపూ
తలుపుచట్టం వైపే చూశాడు.