డెబ్భై ఎనిమిదో నిమిషం

పర్లాకిమిడి నుంచి బరంపురం పోవాలంటే
ముందు ఒడిశా దాటాలి.
పలాసలో జీడిగింజలు కాల్చే పొగ,
సోంపేట, ఇచ్ఛాపురం,
గిరిసోల దగ్గర మళ్ళీ ఒడిశాలో పడాలి.
హద్దుకొక్కసారి మా నాలుగు ఫోన్లూ
స్వాగతం చెప్పి ఊరుకున్నాయి.
డిల్లేశు అప్పటికే ముడీ పొట్లం ఖాళీ చేశాడు.

నేను కొమ్ముతో దువ్వెనలూ కొంగలూ చెక్కేవాణ్ణి.
కూర్మారావుది కరెంటాఫీసు.
డిల్లేశు పెళ్ళిళ్ళకి మైకులు కడతాడు.
ఏలియా రైతా సెరంగో దగ్గర కొండబడిలో మేష్టారు.
ఒకప్పుడు మహేంద్రతనయ ఇసకలో మాదొక టీము.
ఏడుగురం.
ముగ్గురు సూరత్ మగ్గాల మోతలో ఉన్నారు,
ఫోన్ చేస్తే అరిచి మాట్లాడతారు.

బంతిని గట్టిగా తంతే
ఏరు దాటి పాతపట్నం వైపు పడేది.
మోకాలి లోతు నీళ్ళలో పోయి
పక్క రాష్ట్రం నుంచి ఏలియా తెచ్చేవాడు.
వాణ్ణే గోలీగా నిలబెట్టాం,
"ఎలాగూ తడిసినావు కదరా" అని.

టికెట్టు యాభై.
నేపాల్ గుంటలు, కెన్యా గుంటలు.
"మనం ఎవుల వైపురా?" అన్నాడు కూర్మారావు.

ఆ ప్రశ్న మాకు కొత్త కాదు.
శ్రీకాకుళం పెళ్ళి పంక్తిలో మేం ఒడియావోళ్ళం,
భువనేశ్వరం ఆఫీసు వరండాలో తెలుగోళ్ళం.
ఏలియాకి మాత్రం రెండు చోట్లా ఒకటే పేరు,
వాడు ఆ పేరు మాకు చెప్పడు.

డిల్లేశు నేపాల్ అన్నాడు,
వాళ్ళ వీధి గూర్ఖా ఏడాదిగా అప్పు అడగడం లేదని.
కూర్మారావు కెన్యా అన్నాడు, జెర్సీ రంగు చూసి.
నేను పల్లీలు వలుస్తూ కూర్చున్నాను.

దీపాల చుట్టూ ఉసుళ్ళు.
ఉక్క.
డిల్లేశు ఆట చూడ్డం లేదు, స్పీకర్లు చూస్తున్నాడు:
"తూర్పు బాక్సు సిటపటలాడతంది."

రెండో సగంలో కెన్యా గోలీ మా ముందుకొచ్చింది.
పదిహేడేళ్ళుంటాయేమో.
బంతి అటు చివర ఉన్నంతసేపూ
తనలో తానే మాట్లాడుకుంటోంది,
గట్టిగా, పోట్లాడుతున్నట్టు.
ఏలియా కంచె దాకా దిగాడు.
ఇనప జాలీలో వేళ్ళు దూర్చి
సవరలో ఏదో అన్నాడు.
ఆ పిల్ల ఒకడుగు ఎడమకి జరిగింది.
విన్నదో, తనకే తోచిందో.
వాడు మళ్ళీ అన్నాడు.
ఈసారి వెనక్కి తిరిగి చూసి
గ్లవుజు చెయ్యి కొంచెం ఎత్తింది.
పోలీసాయన లాఠీతో జాలీని తట్టాడు.

ఆఖరి బస్సు తొమ్మిదింటికి.
సున్నా, సున్నా.
డెబ్భై ఎనిమిదో నిమిషంలో లేచాం.
మోకాళ్ళు కూడా లేచాయి, చప్పుడు చేస్తూ.

గేటు బయట ఆటో బేరమాడుతుంటే
వెనక స్టేడియం ఒక్కసారిగా గొంతెత్తింది.
ఆటోవాడు చెప్పిన రేటు వినబడలేదు.
గోలా?
ఆపిందా?
జనం రెండిటికీ ఒకేలా అరుస్తారు.

డిల్లేశు ఫోను తీశాడు.
దాని మీద ఏలియా అరచెయ్యి పడింది.
"ఉండనీ."

గిరిసోల దగ్గర టీకొట్టువాడు అడిగాడు, "కే జితిలా?"
డిల్లేశు నేపాల్ అన్నాడు, కూర్మారావు కెన్యా అన్నాడు.
ఇద్దరూ ఒట్టు కూడా వేశారు.
వాడు మమ్మల్ని చూసి
టీలో నీళ్ళు ఇంకొంచెం కలిపాడు.

పలాస దాటాక అందరూ నిద్ర.
ఏలియా ఒళ్ళో చేతులు మాత్రం
అరచేతులు బయటికి పెట్టి, బొటనవేళ్ళు ఆనించి
దేనికోసమో కాచుకుని ఉన్నాయి.
"ఆ గుంటతో ఏటన్నావురా?"
కళ్ళు తెరవకుండానే చెప్పాడు:
"బంతిని సూడకు, కాలు సూడు అన్నాను."
"సవరలోనా?"
"నీకు కెన్యా మాట వొచ్చా మరి?"

పాతపట్నం వంతెన మీద
జేబుల్లో ఫోన్లు మళ్ళీ వణికాయి.
ఎవ్వరం తియ్యలేదు.
కింద ఏట్లో నీళ్ళున్నాయో లేవో
చీకట్లో తెలీలేదు.