ఒకే గడి

దల్కావేలో వాన ఆగదు, సన్నబడుతుంది అంతే.
అలా సన్నబడిన ఒక సాయంత్రం
నా ఫోన్ల రిపేరు కొట్టు మూసి
దోన్ ఎరిబెర్తో ఇంటికి నడిచాను.
సంచిలో సోల్డరింగ్ ఇనుము, నాలుగు మీటర్ల తీగ,
ప్రాణం పోయిన ఫాక్స్ మోడెమ్‌లు రెండు.

నలభై ఏళ్ళు మోర్స్ కొట్టిన చెయ్యి ఆయనది.
ఇప్పుడు చుక్కకీ గీతకీ తేడా తెలియని వణుకు.
"నా బదులు ఆ డబ్బా కొట్టనీ ఇసోలినా" అన్నాడు,
మనవరాలు వదిలేసిన లాప్‌టాప్ చూపిస్తూ.

రేడియో వీపున ఆరు రంధ్రాల సాకెట్.
ఒకటి మాట తెస్తుంది, ఒకటి తీసుకుంటుంది,
ఒకదాన్ని నేలకి కలిపితే పంపు, వదిలితే విను.
ఇంతే కదా అనుకుని తీగలు అతికాను.
ఇల్లంతా బుయ్యిమంది,
చర్చి ఆర్గన్‌లో పిల్లి ఇరుక్కున్నట్టు.

ఫ్రిజ్ ఆపాం. నీటి పంపు ఆపాం.
పక్కింటి దోన్యా ఎదెల్మిరాని బతిమాలి
సీరియల్ మధ్యలో టీవీ ఆపించాం.
రొద రొదలాగే ఉంది.
చార్జర్ పీకితే మాత్రం టక్కున నిశ్శబ్దం.
ముసలి బ్యాటరీకి ఉన్నదేమో పదకొండు నిమిషాల ఊపిరి.

"రెండూ ఒకే నేల పట్టుకుని గుంజుకుంటున్నాయి,
తగవంతా నేల దగ్గరే" అన్నాను.
అన్నాక నాలిక కరుచుకున్నాను.

ఆయన కిటికీ వైపు చూశాడు.
కిటికీలో జలసంధి, దానవతల కించావో దీవి,
దీవిలో తమ్ముడు దగోబెర్తో.
నాన్న పోయిన ఏడు బంగాళాదుంప చేను గట్టు మీద మొదలైంది.
పదమూడేళ్ళు. ఫెర్రీలో ఎదురుపడితే
ఇద్దరూ కార్ల అద్దాలు ఎత్తుకుంటారు.

మోడెమ్ పొట్ట కోసి
అగ్గిపెట్టెలో పట్టేటంత ట్రాన్స్‌ఫార్మర్లు రెండు తీశాను.
ఇటొక చుట్ట, అటొక చుట్ట, నడుమ ఇనుము.
ఈ రాగి ఆ రాగిని తాకదు.
"మరి మాట ఎలా దాటుతుంది?"
"అయస్కాంతం. నాకూ పూర్తిగా తెలీదు లెండి."

రొద పోయింది.
తెర మీద నీలం జలపాతం, అందులో పసుపు గీతలు,
ఒక్కో గీతా ఎక్కడో ఒకరి ఇల్లు.
ఒక్కటీ అక్షరం కాదు.
పదిహేను సెకన్లు మేం, పదిహేను సెకన్లు లోకం.
గంట గడిచాక వెలిగింది నాకు:
లాప్‌టాప్ గడియారం నాలుగు సెకన్లు వెనకుంది.
వాళ్ళు విని ముగించాక మేం మాట ముగిస్తున్నాం.

సరిచేసిన మరుక్షణం
తెరకి నిలువునా ఒక లావుపాటి గీత.
ఇంత గట్టిగా వినపడేది ఇరుగుపొరుగువాడే.
కింద ఎర్రటి వరస: మా గుర్తు, అతని గుర్తు,
అతని గడి, ఎఫ్ ఈ ముప్ఫై ఏడు.
భూమినంతా గళ్ళుగా కోసిన ఆ పటంలో
మాదీ అదే గడి.

"దగో" అన్నాడు ఆయన. ఆ పేరు
ఆ నోట నేను వినడం అదే మొదలు.
మౌస్ మీద వేలు తీశాను. "ఆపెయ్యనా?"
"నేనేం మాట్లాడటం లేదుగా. డబ్బా కదా."

డబ్బా చెప్పింది: వినపడుతున్నావు, ప్లస్ పద్దెనిమిది.
అటు డబ్బా చెప్పింది: అందింది, నువ్వు ప్లస్ ఇరవై ఒకటి.
"మూడు ఎక్కువే ఇచ్చాడు" అని గొణిగాడు.
చివర డెబ్భై మూడు, రేడియోవాళ్ళ పాత వీడ్కోలు,
ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి.
మొత్తం నిమిషంన్నర.

లాగ్‌పుస్తకం ఆయనే తెరిచాడు.
పెన్సిల్ వణికి ఏడు ఒకటిలా పడింది.
నేను రాస్తానన్నాను. ఇవ్వలేదు.

మర్నాడు కొట్టు తలుపు తీయకముందే వచ్చి నిలబడ్డాడు,
టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతూ.
"ఆ ట్రాన్స్‌ఫార్మర్లు ఇంకో జత ఉన్నాయా?"
ఎవరికని నేను అడగలేదు.
చిల్లర లెక్కపెడుతూ ఆయనే అన్నాడు,
"వాడి గీతకి అటూ ఇటూ నీడలు చూశావా?
రొద."