తరుగు లేని లెక్క

అక్షరం రాని మా అమ్మ సువార్తమ్మ
ఆ పేజీని మరకని బట్టి గుర్తుపట్టేది.

ఎర్రటి మరక. కుడి చేతి చూపుడు వేలు.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
పొద్దున ఏడింటి నుంచి మిరప తొడిమలు తీసిన వేలు.
మజ్జిగతో కడిగినా, కొబ్బరినూనె రాసినా
రాత్రి పదింటి దాకా మంట కాపురం చేసే వేలు.

అన్నాలయ్యాక నల్ల అట్ట పుస్తకం నా ఒళ్లో పెట్టి
దాంతోనే చూపించేది.
"ఇదిగో, ఇక్కడ. ఆ కన్నీళ్ల బుడ్డి సంగతి చదువు."

చదివేదాన్ని.
రాజు కాకముందు, ప్రాణం అరచేతిలో పెట్టుకుని
ఊళ్లు పట్టి తిరిగినవాడి మొర.
వాడి ఏడుపంతా దేవుడు బుడ్డిలో పట్టి ఉంచాడట,
కవిలెలో రాసి పెట్టాడట.

"కవిలె అంటే?"
"లెక్కల పుస్తకమే అమ్మా. గుమాస్తా చిట్టా లాంటిది."
అమ్మ కాసేపు గోడకేసి చూసింది.
"అందులో కూడా తరుగు తీస్తారా?"

మా గుమాస్తా పున్నారావు తీసేవాడు.
పన్నెండు కిలోలు ఒలిస్తే పదకొండు.
తేమట. తాలుకాయలట. సంచి బరువట.
శనివారం సాయంత్రం అమ్మ ఆ లెక్కకి తలూపి
వేలిముద్ర వేసి వచ్చేది.
అక్కడ నీలం ముద్ర, ఇంట్లో ఎర్ర ముద్ర.

వాక్యం వింటూ కొంగుతో కళ్లు తుడుచుకునేది.
కూటానికి వచ్చినవాళ్లు
"సువార్తమ్మకి ఎంత భక్తి!" అనేవాళ్లు.
"భక్తీ లేదు గిక్తీ లేదు, కారం చెయ్యి తగిలింది" అని నవ్వేది.
ఒకసారి మాత్రం పాస్టరుగారికి వినపడకుండా
నా చెవిలో అడిగింది:
"మిరపకాయ కన్నీళ్లు కూడా పడతాడంటావా ఆ బుడ్డిలో?
దుఃఖంవే ఏరుకుంటాడా?"
నాకు తెలియలేదు. సండే స్కూల్లో చెప్పలేదు.

తమ్ముడు ప్రభుకిరణ్ పెద్దాసుపత్రిలో పోయినప్పుడు
యార్డుకి ఎండాకాలం సెలవులు.
అమ్మ ఏడవలేదు.
సమాధుల తోటలో గుప్పెడు మట్టి వేసి వచ్చి
వాడి చొక్కాలన్నీ ఉతికి మడతలు పెట్టింది.
నాలుగు ఆదివారాలు గుడికి రాలేదు.
పాస్టరమ్మగారు పరలోకం గురించి చెబుతుంటే
"కాఫీ తాగుతారా?" అంది.
పుస్తకం బీరువా మీద, దుమ్ములో.

ఐదో వారం, కరెంటు పోయిన రాత్రి,
అది మళ్లీ నా ఒళ్లోకి వచ్చింది.
సెల్‌ఫోన్ వెలుగులో వేలు మరకని వెతికింది.
నెలన్నరగా మిరపకాయ ముట్టని వేలు,
పాత తోలు రాలి, పసిపిల్లదిలా కొత్తగా.
చదివాను. బుడ్డి దగ్గరికి వచ్చి ఆగాను.
అమ్మ రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది.
"ఇవాళ కారం లేదే" అంది.

అంతే.
రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు ఏడ్చింది.
మధ్యలో ఒక్కసారి ఆగి
"పట్టుకో తండ్రీ, పట్టుకో, ఒలికిపోతోంది" అంది.
ఆ మాట నాతో కాదు. ఆ గదిలో
మూడో మనిషి ఎవరో ఉన్నట్టు, బాగా తెలిసినవాడైనట్టు.
నేను ఓదార్చలేదు. నా అవసరం కనపడలేదు.
తెల్లారి అన్నం తనే పెట్టుకుని తింది.
పప్పులో ఉప్పు లేదని నాతో గొడవ పెట్టుకుంది.

ఇప్పుడు కాటా దగ్గర కూర్చునేది నేను.
పున్నారావు కుర్చీ, పున్నారావు చిట్టా.
పన్నెండు కిలోల రెండొందల గ్రాములైతే
పన్నెండు కిలోల రెండొందల గ్రాములే రాస్తాను.
షావుకారు కళ్లద్దాలు పైకి నెట్టి
"తేమకి తరుగేదమ్మాయ్?" అంటాడు.

"తేమ కూడా లెక్కేనండీ" అంటాను.