ఎడమచేయి

మా దాదా మీరావలి పోర్టులో కళాసీ.
నేను పుట్టకముందే ఒక ఇనపతాడు తెగి
ఆయన ఎడమచేతిని మోచేతి దాకా
రేవు నీళ్ళకిచ్చేసింది.

పరిహారం వచ్చింది.
ఏడాది తిరిగేదాకా ఆగి
మిగిలినదాన్ని నలభై కుప్పలు పోసి
ఒక కుప్ప పక్కకి తీశాడట.
"చెయ్యి పోతే వచ్చిన డబ్బుకీ జకాతేనా?" అంది దాదీ.
"చెయ్యే నాది కాదంట,
డబ్బు నాదెలగవుద్దే" అన్నాడట.

అది లెక్క ప్రకారం ఇచ్చేది,
ఏడాదికోసారి, రజబు నెలలో, పెన్సిలుతో.
మిగతా రోజులకి లెక్క లేదు.
సంచి ఉండేది.

ఆకుపచ్చ గుడ్డ సంచి, రెండు చెవులది.
ఒక చెవి ఆయన పట్టుకునేవాడు,
రెండోది ఏడేళ్ళ నేను.
ఐదు కిలోల బియ్యం, కందిపప్పు,
కాగితంలో చుట్టిన ఎండుమిరపకాయలు.
ఇషా నమాజయ్యాక
కోటవీధి సందుల్లోంచి
చేపలరేవు వైపు దిగేవాళ్ళం.
దారిలో తుప్పుపట్టిన గాలం కనపడితే
సంచి దించి, వంగి, తీసి జేబులో వేసుకునేవాడు.
"ఇదీ ఖైరాతేనమ్మా.
డబ్బుల్లేని రోజుది."

కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలీకూడదని
ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం.
నేర్పి, ఖాళీ చొక్కాచేతిని ఊపి
"నాకా బెంగ లేదులే" అని నవ్వేవాడు.
ఒకరోజు నవ్వు మధ్యలో ఆగి
సంచి రెండో చెవి వైపు చూశాడు.
"ఇప్పుడు నువ్వున్నావు కదా.
నువ్వు మర్చిపోవాల."

ఎలా మర్చిపోతాం?
నీలం తలుపు, దాని వెనక దగ్గు.
కేజీహెచ్ మందుచీటీ మేకుకి గుచ్చిన గోడ.
వేట ఆపేసిన రోజుల్లో
బోర్లా పడుకున్న తెప్ప, దాని పక్కన
పొగ రాని ఇల్లు.
ఏ గడపకి పసుపుందో, ఏ తలుపుకి శిలువుందో
ఆయన చూడగా నేను చూడలేదు.
గుమ్మంలో సంచి వంపేసి
తలుపు కొట్టి
ఒంటిచేత్తో నన్ను లాక్కుని చీకట్లోకి తప్పుకునేవాడు,
మామిడికాయలు దొంగిలించిన కుర్రాడిలా.

రంజాన్లో మాత్రం ఆ సందులకి వెళ్ళేవాళ్ళం కాదు.
"ఈ నెల అందరూ ఇస్తారు.
నీలం తలుపుకి ఒక్క రాత్రే మూడు బిర్యానీలొస్తాయి.
సఫరు నెలలో ఎవరు తడతారా తలుపు?"

హుద్‌హుద్ వచ్చింది.
సులేమాన్ పైగంబరుకి కబురు మోసిన పిట్ట పేరు
తుఫానుకెందుకు పెట్టారో
అని దాదా ఆశ్చర్యపోతూ ఉండగానే
మా రేకులు ఎగిరిపోయాయి.
దాదీ బియ్యం డబ్బాలో ఉప్పునీళ్ళు.

మూడో రాత్రి, కరెంటు లేని వీధిలో
గుమ్మానికి ఏదో ఆనిన చప్పుడు.
గోనెసంచి. మాది కాదు.
మూతి నైలాను తాడుతో కట్టి ఉంది.
ఏ ముడినైనా పళ్ళతో లాగేసే దాదా
దీన్ని లాగలేదు.
బొటనవేలితో తడిమాడు చాలాసేపు.
"వలముడి" అన్నాడు.
ఆ ముడి వేసే చేతులు నాకు తెలుసు.
బోర్లాపడ్డ తెప్ప పక్క ఇల్లు.
పేరు చెప్పబోతే
నా పెదాల మీద వేలు పెట్టాడు.
"నువ్వు ఎడమచేతివి."

ఆ రాత్రి గంజి కాచాం.
గిన్నె నేను పట్టుకుంటే ఆయన తాగాడు.
కొవ్వొత్తి వెలుగులో ముఖం సరిగా కనపడలేదు.
ఉప్పెక్కువైందని మాత్రం అన్నాడు.
ఉప్పు వేయనేలేదు దాదీ.

ఇప్పుడు దాదా లేడు.
జకాత్ ఎంతో నా ఫోనే చెబుతుంది, పైసలతో సహా.
అది కట్టేస్తాను, తేలికే.
తర్వాత సంచి తీస్తాను.
ఒక చెవి పట్టుకుంటే
రెండోది వేలాడి సంచి ఒకపక్కకి ఒరుగుతుంది,
మిరపకాయలు జారిపోతాయి.
రెండూ నేనే పట్టుకోవాల్సి వస్తోంది.

నాకు రెండు చేతులూ ఉన్నాయి, అదే చిక్కు.
ఎడమదానికి అన్నీ తెలిసిపోతున్నాయి.
తెలుసుకుని ఊరుకుంటుందా?
చిన్నప్పట్నుంచీ
నేను రాసేది దాంతోనే.